మినహాయింపు పట్టికలో లేనివి

2020 జనవరి చివరి దినములలో తాడిపత్రి రైలుస్టేషనునుండి ఒక బండి బయలుదేరినది. తాడిపత్రి బండ్లు నాపరాతి పలకలును సిమెంటు బస్తాలును తప్ప మరేమియు మోయవని చిన్ననాటినుండి ఎరిగిన మాబోటివారికి అది వింతబండియే; ఏలయన అందులోని 43 శీతల కంటెయినర్లలో మా జిల్లా తోటలలో కోసిన దాదాపు 980 టన్నుల అరటికాయ సర్దబడి, ముంబయి దగ్గరి జవాహర్‌లాల్ నెహ్రూ రేవునకును, అటనుండి సముద్రముమీదుగా ఇరానుకును పోవుటకు సిద్ధముగ నుండెను. జైసల్మేరు తరువాత దేశమున అంత తక్కువ వాన పడు చోటు మరొకటి లేదని పాఠ్యపుస్తకములు మా జిల్లాకు కట్టబెట్టిన ఖ్యాతి యొకటే అంతవరకు మాకు దక్కినది. పచ్చని గెల పరదేశమునకు పోవుచుండగా చూచి సంతసింపనివాడు ఆనాడు అనంతపురమున లేడు.

ఆ సంతోషమునడుమ నన్నొక సందేహము పీడించినది. అమెరికా 2018 మే నెలలో ఇరానుతోడి అణు ఒప్పందమునుండి వైదొలగి, ఆ సంవత్సరాంతమునకు ఇరానుపై ఆంక్షలన్నిటిని తిరిగి విధించినది. 2019 మేతో మన దేశము అక్కడి చమురు కొనుట మానివేసినది. మరి మన అరటికాయ ఎట్లు పోవుచున్నది? సమాధానము సులభమే. ఆహారమునకును ఔషధములకును ఆంక్షలు వర్తింపవు. అవి మినహాయింపు పట్టికలో నున్నవి. ఈ పట్టికను చూపియే ఆంక్షలు విధించువారు, మా కోపము పాలకులపైనే గాని ప్రజలపై గాదని లోకమునకు చెప్పుకొందురు. ఆ మాట కపటమని నేననను. అయితే పట్టికలో నుండుట వేరు, ఇంటి గడపకు చేరుట వేరు. కాయ పోవుటకు ఓడ కావలెను, ఓడకు బీమా కావలెను, కాయ వెల తిరిగి వచ్చుటకు బ్యాంకు కావలెను. ఇరాను చమురునకు మనము చెల్లించు రూపాయలు యూకో బ్యాంకు ఖాతాలో చేరి, అందుండి మన బియ్యపు, తేయాకు వర్తకులకు చెల్లింపులు జరుగుచుండెడివి. చమురు నిలిచినంతనే ఆ ఖాతా వేసవి చెరువువలె అడుగంటసాగినది. పట్టిక అట్లే యున్నది, దారి మూసికొనిపోయినది. ఔషధముల గతియు నంతే. ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అను పుట్టువ్యాధి గల పసిబిడ్డల చర్మము తాకినచోటనెల్ల ఊడివచ్చును. ఆ పుండ్లకు అంటుకొనని మెత్తని కట్టు స్వీడనునుండి ఇరానుకు వచ్చెడిది. ఆ కట్టును అమ్మరాదని ఏ చట్టమునందును లేదు. ఐనను ఆంక్షల భయమున అమ్మువారు వెనుదీసిరి, బిడ్డల ఒంటికి గరుకు గుడ్డయే గతియైనది.

కొరత యనునది ఎట్లు నడచునో ఈ పీఠభూమిపై పుట్టినవారికి ఒకరు బోధింపనక్కరలేదు. వాన తప్పిన యేడు మొదట ఇంటి పాలు బిడ్డలకు తప్పి హోటలు టీకి పోవును. పిదప ఇల్లాలి కమ్మలు తాకట్టునకు పోవును. గొర్రెలు పోవును, శెనక్కాయ కట్టె కూడ కరవైనప్పుడు కాడియెద్దులు సంతకు తోలబడును. ఆడపిల్ల బడి మానును. ఉగాది రాకమునుపే యింటికి తాళము పడి, ముసలివారు మాత్రము అరుగుపై మిగిలి, తక్కినవారు బెంగుళూరు మేస్త్రీ పనులకు బస్సెక్కుదురు. ఇన్ని జరిగినను అదే ఊరిలోని పెద్దయింట దీపము చిన్నదికాదు. అగ్గువకు వచ్చిన ఎద్దులను, పొలములను కొనుటకు అది వారికి మంచి అదను. కరవు సైతము గడపలు చూచియే అడుగుపెట్టును. అంగడిలో బియ్యముండియు కొనుశక్తి లేక జనము చచ్చుట ఎట్లు సంభవించునో అమర్త్యసేను 1981లో గ్రంథము వ్రాసి పండితులను ఒప్పించినాడు. మా ఊళ్లలో ఆ సంగతి ముందే అందరు ఎరుగుదురు. ఇట్టి కొరతను దైవము కాక మనుష్యులే, అదియును ఉద్దేశపూర్వకముగ, ఒక దేశముపైకి తోలినప్పుడు అది పెద్దయింటి గోడ దూకి లోపల రాజును పట్టుకొనునని నమ్ముట నాకు సాధ్యము కాకున్నది.

దూరముననుండి పరుల ఆకలిని తూచు తక్కెడ మాకు క్రొత్తది కాదు. 1876-78 నాటి మహాక్షామమున, అనంతపురమింకను బళ్లారి జిల్లాలో భాగముగ నున్న దినములలో, క్షామప్రతినిధిగా మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరవు పనులలో రాళ్లు కొట్టు మనిషికి దినమునకు ఒక పౌను ధాన్యమును, పైన కొంత చిల్లరయు చాలునని 1877 జనవరిలో నిర్ణయించెను. పౌను అనగా మన లెక్కకు 450 గ్రాములు. ఈయనే మూడేండ్లకు ముందు బీహారు కరవులో ధారాళముగ ధాన్యము తెప్పించి ప్రజలను కాపాడినవాడు. కాపాడినందుకు దుబారా చేసెనని తనవారిచేతనే మాటలు పడినవాడు. ఆ మాటల వేడి తగిలియే కాబోలు, ఇక్కడ తక్కెడ పట్టినప్పుడు చేయి బిగించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ ఆ తిండితో పనిచేయు మనిషి బ్రతుకజాలడని వాదించగా, కొన్ని నెలలకు ప్రభుత్వము దిగివచ్చి కూలి పెంచెను. ఆ కొన్ని నెలలలో ఎందరు పోయిరో! టెంపుల్ క్రూరుడు కాడు. ఒక మనిషి బ్రతుకును పౌనులోనికి కుదింపవచ్చునని నమ్మినవాడు. నేటి మినహాయింపు పట్టికను వ్రాయువారును ఆయన వంశీయులే యని నా యభిప్రాయము.

పెద్దదేశము ధాన్యపు మూట ముడిని తన చేత పట్టుకొనుట ఎట్లుండునో 1965-67లో దేశమంతయు చూచినది. వరుసగా రెండేండ్లు వానలు తప్పగా, 1966లో కోటి టన్నులకు పైగా ధాన్యము బయటినుండి తెచ్చుకొనవలసిన దుర్దశలో మనముండగా, వియత్నాము యుద్ధమును మన ప్రభుత్వము విమర్శించుచున్నదను కినుకయు, వ్యవసాయవిధానము మార్చుకొనవలెనను పట్టుదలయు కలసి, అమెరికా అధ్యక్షుడు జాన్సన్, పి.ఎల్. 480 అను తమ ఆహారసహాయచట్టము క్రింద మనకు వచ్చు గోధుమను ఏడాదికొకసారి కాక నెలనెలకును లెక్కచూచి వదలెను. ఓడ వచ్చెనా, తిండి వచ్చెను. ఓడ ఆలస్యమైనచో రేషను దుకాణము ముందు సంచులు వరుసలో పడియుండెడివి. బడిలో పెట్టిన గోధుమరవ్వ ఉప్మాయు, పొడిపాలును తిని పెరిగిన తరము వారు ఆ రుచిని నేటికిని మెచ్చుకొందురు, వారిని నేను తప్పుపట్టను. ఆకలిగొన్న బిడ్డకు దాత ఉద్దేశముతో పనియేమి? ఢిల్లీలో నున్నవారికి మాత్రము ఆ ముద్ద గొంతు దిగుట కష్టమైనది. హరితవిప్లవమునకు వారు పడిన తొందరలో ఈ అవమానమునకు పాలు లేదనలేము.

తరువాతి ఘట్టము మరింత దగ్గరిది. కడప, చిత్తూరు, అనంతపురము పల్లెలనుండి, ముఖ్యముగ కదిరి, రాయచోటి ప్రాంతములనుండి కువైటు పోవుట ఎనభైలనాటికే వాడుకైనది. మగవారు డ్రైవర్లుగను, ఆడవారు ఇండ్లలో వంటకును పసిబిడ్డలను సాకుటకును పోయెడివారు. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినవి. నాలుగుదినములకే ఐక్యరాజ్యసమితి 661వ తీర్మానముతో ఇరాకును, ఆక్రమిత కువైటును కలిపి ఆంక్షలలో పెట్టినది. ఆ రెండు దేశములలోను చిక్కుకొన్న భారతీయులు లక్షా డెబ్బదివేలకు పైబడియుండిరి. వారు దండెత్తినవారు కారు, దండయాత్రకు గురియైన దేశపు పౌరులును కారు. అచ్చట గిన్నెలు తోముకొని ఇచ్చట అప్పులు తీర్చుకొనువారు. తీర్మానములో ఔషధములకు మినహాయింపు స్పష్టముగనే యున్నది. ఆహారమునకు మాత్రము ‘మానవతాపరిస్థితులలో’ అను షరతు తగిలించిరి. అట్టి పరిస్థితి వచ్చెనా లేదా యని తేల్చువారెవరు? దానిపై ఆంక్షల సంఘమున వారములతరబడి చర్చ సాగినది. మన ప్రభుత్వము తన ప్రజలకు తిండి పంపుకొందునని మొరపెట్టుకొని, సెప్టెంబరు 13న 666వ తీర్మానము వెలువడిన పిమ్మట గాని భారతదేశపు ధాన్యపు ఓడ కదలుటకు అనుమతి రాలేదు.

అప్పుడు బస్రా మీదుగ బాగ్దాదునకును, అటనుండి ఎడారిబాటన అమ్మానునకును చేరి, ఎయిరిండియా విమానమెక్కి తిరిగివచ్చిన ఒక కదిరి ప్రాంతపు ముసలమ్మను చాలయేండ్ల తరువాత కలిసితిని. యుద్ధమును గురించి ఆమె చెప్పినది తక్కువ. ‘‘తుపాకులోళ్లు నన్నేమీ అన్లేదు సామీ. రొట్టె అంగడికాడ వరసలో నిలబడితే, నీ దేశమోళ్లకు లేదు పో అనిరి. అది మర్సిపోలేను’’ అని, పెట్టెలోనుండి ఒక గుడ్డమూట తీసి చూపినది. అందులో నాటి కువైటు దినారు నోట్లు నాలుగు. యుద్ధకాలమున ఆ వరుస నోట్లలో కొన్నిటిని రద్దుచేసిరనియు, పిదప కొంతకాలమునకు పాతవన్నియు మారినవనియు ఎవరో చెప్పిరట. ఆమె మాత్రము వాటిని పారవేయలేదు. మూడేండ్ల చాకిరి!

కువైటు తేరుకొన్నది, ఇరాకుపై ఆంక్షలు పదుమూడేండ్లు నిలిచినవి. చమురమ్మి తిండి కొనుక్కొనుటకు 1995 ఏప్రిలులో 986వ తీర్మానము వీలుకల్పించినను, తిండి నిజముగ చేరుట 1997లో గాని మొదలుకాలేదు. అప్పుడును నీటిని శుద్ధిచేయు క్లోరిను విషవాయువు కావచ్చుననియు, పంపులును విద్యుత్పరికరములును సైన్యమునకు పనికివచ్చుననియు, రెండు వాడుకల వస్తువులను పేర న్యూయార్కు సంఘములో కాగితములు ఆగిపోయెడివి. ఆ కార్యక్రమమును నడపుటకు సమితి నియమించిన డెనిస్ హాలిడే 1998లోను, ఆయన స్థానమున వచ్చిన హాన్స్ వాన్ స్పొనెక్ 2000లోను, ఈ పని మాచేత కాదని పదవులు వదలుకొనిరి. ఇక్కడొక మాట నిజాయితీగా చెప్పుకొనవలెను. ఆంక్షలవలన ఐదులక్షలమంది పసివారు చనిపోయిరని ఆనాడు లోకమంతట వ్యాపించిన లెక్కను తరువాతి సర్వేలు బలపరచలేదు. సద్దాము ప్రభుత్వము లెక్కలను వక్రించెనని పరిశోధకులు తేల్చిరి. అందుచేత ఆంక్షలను ఖండించువారు ఆ అంకెను ఇంకను పట్టుకొని వ్రేలాడుట తగదు. అయితే ఆ అంకె చెరపివేసినంతనే మురికినీరు తేటపడదు. నెలజీతము కొన్ని డాలర్లకు దిగజారి, ఆచార్యులు తమ పుస్తకములను బాగ్దాదులోని ముతనబ్బీ వీథిలో పరచుకొని అమ్ముకొనిన సంగతియు అబద్ధము కాదు.

ఇక మనపైననే ఆంక్షలు వచ్చిన సంవత్సరము. 1998 మే 11న, 13న పోఖ్రానులో అణుపరీక్షలు జరిగినప్పుడు అనంతపురము టవర్‌క్లాకు దగ్గర టపాకాయలు కాల్చినవారిలో నా మిత్రులును ఉండిరి. అమెరికా వెంటనే ఆంక్షలు ప్రకటించినది. ప్రపంచబ్యాంకులో భారతదేశపు రుణములు ఆగినవి. ధనికదేశములు కూడి, ‘మౌలిక మానవావసరములు’ తీర్చు రుణములకు తప్ప తక్కినవాటికి ఒప్పుకొనరాదని నిశ్చయించినవి. ఆ గీతకు ఇవతల పడినవాటిలో మన రాష్ట్రపు పథకమొకటి. ప్రాథమిక విద్య, వైద్యము, పోషకాహారము, పల్లెబాటలు, కాలువల మరమ్మతు మొదలగువాటికై 54.3 కోట్ల డాలర్ల రుణము జూను 25న మంజూరైనది. ఆంధ్రప్రదేశ్ గెలిచినదని పత్రికలు వ్రాసినవి. విద్యుత్తునకు ఉద్దేశించిన 21 కోట్ల డాలర్ల తొలి రుణము మాత్రము 1999 ఫిబ్రవరివరకు రాలేదు.

ఆ యెండకాలపు మధ్యాహ్నము ధర్మవరమున ఒక మోటారు వైండింగు అంగడిలో కూర్చున్న జ్ఞాపకము నాకున్నది. గచ్చుపై కాలిన మోటార్లు పది పండ్రెండు పడియున్నవి. మాడిన వార్నీషు కంపు. పనివాడు మోటారు పొట్ట విప్పి, నల్లబడిన రాగితీగను పేగులవలె లాగి బయట కుప్పవేయుచుండగా, ఆ మోటారును ఎద్దులబండిలో వేసికొనివచ్చిన రైతు ఆ కుప్పవంకనే చూచుచు కూర్చుండెను. ‘‘ఎన్నోసారి, పెద్దాయనా?’’ అంటిని. ‘‘ఈ పైరుకు మూడోసారప్పా. ఓల్టేజీ ల్యాకపోతే యాడ తిరుగుతాది? రేపు పొద్దుగూకే లోపల నీళ్లు పెట్టకుంటే శెనక్కాయ సచ్చినట్లే’’ అనెను. ఆంక్షలవలన ఆ మోటారు కాలినదని నేను చెప్పబోవుటలేదు. మన విద్యుత్తు అంతకు చాల పూర్వమే చెడియుండెను, దాని పాపము మనదే. కాని ‘మౌలిక మానవావసరము’ అనగా ఏమని ఆ పెద్దాయనను అడిగియున్నచో, బడియనియు చెప్పడు, పోషకాహారమనియు చెప్పడు. మూడు ఫేజుల కరెంటు అని చెప్పియుండును. కరెంటున్నచో నీరు, నీరున్నచో కాయ, కాయయున్నచో బిడ్డకు తిండియు బడియు అతడే చూచుకొనును. వాషింగ్టనులో గీత గీచినవారు తుదిఫలములను పట్టికలో చేర్చి మొదలును బయట పెట్టిరి. మరియొకవంకనుండి చూచినచో, ఆ తరువాత వచ్చిన విద్యుత్తు రుణము తనతో తెచ్చిన షరతులును, ఛార్జీల పెంపును, 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీరుబాగులో ఆ పెంపును నిరసించినవారిపై జరిగిన కాల్పులును మనము మరువలేదు. రాని రుణము ఒక శిక్ష, వచ్చిన రుణము మరొక శిక్ష. ఈ సంగతి వేరుగ వ్రాయదగినది.

ఆ ఆంక్షలు ఎచ్చట త్వరగా సడలినవో గమనింపుడు. మనవలెనే అణుపరీక్షలు జరిపి ఆంక్షలపాలైన పాకిస్తానునకు గోధుమ అమ్ముకొనుటకు అప్పుసౌకర్యము ఆగిపోయి తమ రైతులకు బేరము తప్పునని తెలిసినంతనే, అమెరికా సెనేటు ఒక్క వ్యతిరేక ఓటైన లేక చట్టమును సవరించెను; రెండునెలలకే, జూలై 14న, క్లింటను సంతకము చేసెను. తన రైతు గాదె నిండియుండుట మౌలికావసరమని వారికి తెలియును. ఇందులో తప్పుపట్టుటకేమియు లేదు. ఆ తెలివి ధర్మవరము రైతువరకు ప్రసరింపలేదనుటయే నా ఫిర్యాదు.

ఆంక్షలు వద్దన్నచో యుద్ధము చేయమందురా యని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్న. దక్షిణాఫ్రికా జాత్యహంకారప్రభుత్వముతో వర్తకము మానివేసిన మొదటి దేశము మనదే. 1946లో, స్వాతంత్ర్యము రాకమునుపే, ఆ పని చేసితిమి, చేసినందుకు గర్వింతుము. అక్కడి నల్లజాతి నాయకుడు ఆల్బర్ట్ లుతూలి, కష్టము మాకు వచ్చినను సరే, మా దేశపు సరకు కొనవద్దని స్వయముగ లోకమును వేడుకొనెను. బాధపడువారే కోరినచో ఆ మాటకు వేరు బలముండును. ఇరాకు తల్లులను, ఇరాను రోగులను ఎవరు అడిగిరి? అడుగక విధించిన దానికి మన పల్లెలలో వేరు పేరున్నది: వెలి. ఊరిపెద్దలు ఒక ఇంటిని వెలివేసినప్పుడు నిప్పు నీళ్లు ఇయ్యరాదని చాటింపు వేయుదురు. అంగడివాడు ఉప్పు అమ్మడు, మంగలి గడ్డము గీయడు, కూలికి పిలుచువాడుండడు. తప్పు చేసెనని వారు చెప్పుకొను మనిషి ఒక్కడు, దాహముతో చచ్చువారు ఇంటిల్లిపాది. 1991లో చుండూరు దళితులపై హత్యాకాండకు ముందు జరిగినది ఇట్టి బహిష్కరణమే. అత్యాచారనిరోధకచట్టమునకు 2015లో చేసిన సవరణతో దళితులను, గిరిజనులను సాంఘికముగ గాని ఆర్థికముగ గాని బహిష్కరించుట, బెదిరించుట సైతము, స్పష్టముగ నేరమైనది. ఊరిలో నేరమైనది దేశములనడుమ రాజనీతి యెట్లగునో నాకెవరైన విడమరచి చెప్పవలెను.

పాలకుల విదేశీ ఖాతాలను స్తంభింపజేయుడు, ఆయుధముల నాపుడు, వారి బిడ్డలకు వీసాలు ఇయ్యకుడు, ఎవరును అడ్డురారు. 2022 డిసెంబరులో సమితి 2664వ తీర్మానముతో, ఆస్తుల స్తంభన సహాయకార్యములకు అడ్డు కారాదని నియమము చేసినది. ఆలస్యమైనను మేలే. అది సమితి విధించు ఆంక్షలకే గాని ఒక్కొక్క దేశము తన యిచ్చవచ్చినట్లు విధించువాటికి వర్తింపదు. నేడు జనము ఎక్కువగ నలుగుచున్నది ఆ రెండవవాటిక్రిందనే. అట్టివాటిపై మన విదేశాంగశాఖ గట్టిగ నిలిచి అడుగవలసినవి రెండు మూడున్నవి: తిండి, మందులతోపాటు నీటిపంపు, విద్యుత్తు, విత్తనము పట్టికలోనికి రావలెను, వాటి వెల చేతులు మారుటకు భయములేని బ్యాంకు ఒకటి ముందే పేరుతో చూపబడవలెను, ఆరునెలలకొకసారి, విధించిన దేశమే ఆ జనము స్థితిని పరీక్షించి లోకమునకు చెప్పవలెను. చెప్పలేనిచో ఆంక్ష దానంతటదే రాలిపోవలెను. పి.ఎల్. 480 గోధుమ తిన్న దేశము, పోఖ్రాను శిక్ష అనుభవించిన దేశము, దక్షిణాఫ్రికాను ముందుగ వెలివేసిన దేశము ఈ మాట అనుటకు వెనుకాడనక్కరలేదు.

అరటిబండి పోయిన తరువాత ఒక వేసవిలో నార్పల దగ్గరి తోటకు పోయితిని. గెలలు మాగిపోవుచున్నవి, కోతకు మనుషులు రాలేదు. రైతు వర్తకునికి ఫోను చేసి, స్పీకరులో పెట్టి నాకు వినిపించెను. ‘‘కాయ బాగుందన్నా, కాదనడంలే. అక్కడ తినేవాళ్లు లేకా కాదు. దుడ్లు వచ్చే దోవ లేదంట’’ అని అవతలి గొంతు. నిజమో, ధర దించుటకు సాకో, నేను చెప్పలేను. రైతు ఫోను జేబులో పెట్టుకొని, ‘‘ఏ దేశంలో ఏం గొడవో, మనకెందుకు చెప్పు సామీ’’ అనుచు, మాగిన గెలనుండి ఒక హస్తము విరిచి నా చేత పెట్టి, తక్కిన గెలను ఆవుల దొడ్డివైపు మోసికొనిపోయెను.